ఇద్దరూ ఒక్కరేనని ఒక కాగితం

నా భార్య నా భార్య కాదని కాగితం మీద రాసి, కింద గుండ్రటి ముద్ర వేసి, నా చేతికిచ్చారు.

అచ్చంగా ఆ మాటలే రాయలేదనుకోండి. అంత సూటిగా రాయడం కాగితాలకు చేతకాదు. "వివాహ రిజిస్టరులో ఉన్న వ్యక్తి, సమాధుల రిజిస్టరులో ఉన్న వ్యక్తి ఒక్కరేనని తెలిపే ఆధారం లేనందున తమరి దరఖాస్తును ప్రస్తుతం పరిశీలించలేము" అని రాశారు. సదరు ఇద్దరు వ్యక్తులు అని ఇంకోచోట ఉంది. ఇద్దరట. యాభై ఏళ్ళు ఒక్క మనిషితో కాపురం చేశాననుకున్నాను. ఆ రెండో ఆవిడ ఇన్నాళ్ళూ మా రెండు గదుల ఇంట్లో ఏ మూల ఉందో, అన్నం ఎప్పుడు తినేదో నాకు తెలియదు.

నేను అడిగింది ఏమంత పెద్దది కాదు. ఆవిడ పక్కన నాలుగడుగుల చోటు. అది నాకోసం అట్టేపెట్టమని అడిగాను.

మా ఊరి చర్చి వాళ్ళ సమాధుల దొడ్డి చిన్నది. ఒక పక్క పంటకాలువ, మిగతా మూడు పక్కలా వేరేవాళ్ళ కొబ్బరితోటలు. పెరగడానికి దారి లేదు. నాలుగడుగులు తవ్వితే నీరూరే నేల, వానాకాలంలో అదీ కష్టమే. చోటు అయిపోతోందని కమిటీ వారు ఒక నియమం పెట్టారు: ముందుగా చోటు అట్టేపెట్టడం భార్యాభర్తలకు మాత్రమే, అదీ రెండు రిజిస్టర్లలో పేర్లు కలిస్తేనే. నియమం తప్పని నేననను. కొందరు ఊరికే చోటు రాయించుకుని హైదరాబాదులో కూర్చున్నారు. మాకు పిల్లలు లేరు. నేను పోయాక నా తరఫున ఎవరూ ఈ మాట అడగరు కాబట్టి బతికుండగానే రాయించుకోవాలనుకున్నాను.

ఆవిడకి రెండు పేర్లు. ఆ రెండూ ఇక్కడ రాయను. ఆవిడ పేరు మీద ఇప్పటికే కావలసినంత రాత జరిగింది. పుట్టినప్పుడు వాళ్ళ నాన్నగారు పెట్టింది అమ్మవారి పేరు. బడిలోనూ ఓటర్ల జాబితాలోనూ ఆధార్ కార్డులోనూ అదే. మా పెళ్ళికి వారం ముందు ఆవిడ బాప్తిస్మం తీసుకుంది. అప్పుడు పాస్టరుగారు పెట్టింది రెండో పేరు. పెళ్ళి రిజిస్టరులో ఉన్నది అది. మా పేటలో ఇలాంటివాళ్ళు ఇంటికొకరుంటారు. చర్చిలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు. ఎవరూ దాన్ని తప్పనుకోరు.

పోయినేడు వానలు మొదలైన రోజుల్లో ఆవిడ పోయింది. సమాధుల రిజిస్టరు పట్టుకొచ్చిన ఆయన "పేరేమని రాయమంటారండి" అని అడిగితే, ఎవరో ఆస్పత్రి చీటీ చేతికిచ్చారు. చీటీలో ఆధార్ పేరు ఉంది. ఆయన అది ఎక్కించి, నా ముందు పెట్టారు. సంతకం చేశాను. నలభై ఏళ్ళు ఊరందరి కాగితాలు చదివిపెట్టి, ఒక్కో అక్షరం దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ తప్పుంది చూసుకోండి" అని చెప్పినవాణ్ణి. ఆ ఒక్క కాగితం చదవలేదు.

నా చదువు సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే మిగతాది బోధపడదు.

బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా. తర్వాత కొబ్బరికాయల కొట్లో కాయ ఒలిచేవాణ్ణి. గోతాల మీద రంగుతో కొట్టిన ఇంగ్లీషు అక్షరాలు చూసి, ఏ గోతం ఏ ఊరు పోతుందో గుమస్తాను అడిగి, అలా అక్షరాలు పట్టుకున్నాను. అమలాపురంలో పాతకాగితాల కొట్లో ఒక నిఘంటువు దొరికింది. మొదటి యాభై పేజీలూ లేవు. అందుకే ఏ తోనూ బీ తోనూ మొదలయ్యే మాటలు నాకు చాలా ఆలస్యంగా వచ్చాయి. గుమస్తా మంచం పట్టినప్పుడు ఆయన ఉత్తరాలు నేను రాశాను. ఆ తర్వాత మండలాఫీసు ఎదురుగా రేకుల చూరు కింద ఒక బల్ల వేసుకుని అర్జీలు రాయడం మొదలుపెట్టాను. ఒక్కరోజు కూడా పాఠం చెప్పని నన్ను జనం మాస్టారూ అని పిలిచారు. వద్దనలేదు. అబద్ధమాడను, ఆ పిలుపు నాకు బాగుండేది.

ఆ బల్ల దగ్గర నేను ఎక్కువసార్లు రాసిన ఇంగ్లీషు మాట ఒకటుంది. వన్ అండ్ ద సేమ్. ఈ పేరుగల మనిషీ ఆ పేరుగల మనిషీ వన్ అండ్ ద సేమ్ పర్సన్ అని ధ్రువీకరించవలసిందిగా ప్రార్థన. రెండు పేర్ల మనుషులున్న నేల మీద ఆ మాట లేకుండా పని జరగదు. వందల మందికి రాశాను. పేర్లు మారతాయి, ఆ మాట మారదు.

ఆ మాటంటే నాకు గౌరవం. చాలామంది దాన్ని పోలిక అనుకుంటారు. కాదు. పోలిక చెప్పడానికి సిమిలర్ అని వేరే మాట ఉంది. మా ఊరి కాలువా పక్క ఊరి కాలువా సిమిలర్. రెంటిలోనూ గుర్రపుడెక్కే, రెంటి గట్లూ కోసుకుపోయినవే, అయినా రెండు కాలువలు. మా ఊరివాళ్ళు ఒక పేరుతోనూ కిందనున్న ఊరివాళ్ళు ఇంకో పేరుతోనూ పిలిచే పెద్దకాలువ మాత్రం వన్ అండ్ ద సేమ్. అక్కడ పోల్చడానికి రెండోది లేదు. ఈ తేడా చెప్పడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో, చెప్పినా ఎందరు విన్నారో. ఆఫీసు పక్కన నెట్ సెంటరు పెట్టాక జనం అక్కడికి పోయారు. ఒకాయన అక్కడ చేయించుకున్న కాగితం నాకు చూపించి బాగుందా అని అడిగాడు. బోత్ ఆర్ సిమిలర్ పర్సన్స్ అని ఉంది.

"ఇది చదివితే మీరు కవలలనుకుంటారండి" అన్నాను.

"నేనొక్కణ్ణే కదా మాస్టారూ."

"మీకు తెలుసు, నాకు తెలుసు. కాయితానికి తెలియొద్దా."

ఆ నెట్ సెంటరు ఆయన దగ్గరకే వెళ్ళి, ఆ వాక్యం ఎందుకు తప్పో ఒక గంట చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. మర్నాడు మళ్ళీ సిమిలరే కొట్టాడు.

ఇంట్లో కూడా నాకు ఇదే గోల. ఆవిడకి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పాలని నాకు పట్టుదల. ఆవిడ ఎనిమిది చదివింది, నాకంటే ఐదు తరగతులు ఎక్కువ, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. పొయ్యి దగ్గర కూర్చుని కూర తరుగుతూ వాక్యాలు కట్టేది.

"మీ కోపం, రోహిణి ఎండ వన్ అండ్ ద సేమండి."

"అది పోలికే. సిమిలర్ అనాలి."

"మా అత్తగారి పులుసు, కాలువ నీళ్ళు వన్ అండ్ ద సేమ్."

"అది కూడా పోలికే. మా అమ్మని ఎందుకు లాగుతావు మధ్యలో."

"మరి తేడా తెలిస్తే కదండీ సిమిలర్ అనడానికి."

నవ్వేది. నేను నవ్వేవాణ్ణి కాదు. వాక్యం సరిగ్గా వచ్చేదాకా అన్నం పెట్టించుకోని రోజులున్నాయి. ఇప్పుడు ఆ తప్పులన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదని కూర్చుంటున్నాను.

ఆవిడ పుట్టిల్లు ముక్తేశ్వరం దగ్గర ఒక ఊరు. వరిచేలు, కొబ్బరితోట ఉన్న ఇల్లు. మా తాతలు అలాంటి ఇళ్ళ చేలల్లోనే కూలికి వంగినవాళ్ళు. కొట్టుకి కాయల లెక్క చెప్పడానికి వాళ్ళ నాన్నగారి వెంట వచ్చేది. నేను గోతం మీద అక్షరాలు కూడబలుక్కోవడం చూసి, మూడో అక్షరం తప్పు చదువుతున్నానని చెప్పింది. అలా మొదలయింది. పెళ్ళయిన పదో రోజున వాళ్ళ అన్నగారు కాలువలో దిగి, బతికున్న చెల్లెలికి నీళ్ళొదిలారు. చూసినవాళ్ళు వచ్చి చెప్పారు. ఆవిడ ఆ రోజు ఇల్లంతా కడిగింది. 

ఆ తర్వాత ఆ ఇంటితో రాకపోకల్లేవు. ఒక్కటి తప్ప.

పనసాకులతో చిన్న బుట్టలు కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్కలు. వాళ్ళ పుట్టింట్లో వినాయకచవితికి అవి వేసే అలవాటు. నాలుగు ఆకులు కలిపి, కొబ్బరీనె ముక్కలతో గుచ్చుతారు. అందరూ చేసేది అంతే. వాళ్ళమ్మగారు మాత్రం పిండి కారకుండా అడుగున ఐదో ఆకు, చిన్నది, తిరగేసి వేసేదట. ఆవిడా అలాగే వేసేది. చవితి ముందు రోజు మధ్యాహ్నం నుంచి కూర్చుని ఇరవై, పాతిక బుట్టలు కుట్టి, అరటినారతో మోపు కట్టేది. మా పేటలో చవితికి పత్రి అమ్ముకునే ఆవిడ ఒకావిడ ఉంది. ముక్తేశ్వరం పక్క ఊళ్ళన్నీ తిరుగుతుంది. ఆ పత్రావిడ గంపలో పత్రి కింద మా ఆవిడ ఆ మోపు పెట్టి పంపేది. పేరు లేదు, చీటీ లేదు.

నాకు ఒళ్ళు మండేది.

"నీళ్ళొదిలినవాళ్ళకి బుట్టలేంటి నువ్వు. పట్టుకెళ్ళి గేదెల ముందు పడేస్తారు."

"పడేస్తే పడేస్తారులెండి."

"మరి ఎందుకు కుట్టడం."

"వండి పంపితే తినరు కదండీ మన చేతిది. ఇది వండింది కాదు. ఆకే కదా. ఆకుకేం మతం ఉంది."

"తీసుకున్నారో లేదో అదైనా తెలుసా."

"పత్రావిడ వెనక్కి తేలేదు. చాలు."

ఏటా ఇదే మాట, ఏటా ఇదే జవాబు. ఒక ఏడు కోపం పట్టలేక మోపు విప్పేసి ఆకులు పెరట్లో పారేశాను. ఆవిడ నావైపు చూడలేదు. మళ్ళీ పనస చెట్టున్న ఇంటికి వెళ్ళి ఆకులు కోసుకొచ్చి మొదటి నుంచి కుట్టింది. వేళ్ళ చివర్లు ఈనెలు గుచ్చుకుని ఎర్రగా ఉన్నాయి. ఆ రాత్రి అన్నం కలపడానికి ఎడమచెయ్యి వాడితే నేనేదో అన్నాను కూడా. ఏమన్నానో గుర్తు రాకపోవడం నా అదృష్టం.

ఆస్పత్రిలో ఆఖరి వారం. మాట సన్నబడింది. కిటికీ బయట ఆటోల రొద. నేను పళ్ళు ఒలిచి పెడుతున్నాను. తినడం లేదు. ఉన్నట్టుండి అంది:

"మా అన్నయ్యకి, నేనూ వాళ్ళ చెల్లెలూ వన్ అండ్ ద సేమేనంటారా?"

యాభై ఏళ్ళలో మొదటిసారి ఆ మాట ఉండాల్సిన చోట పెట్టింది. నాకు అదే తట్టింది, చూడండి. తొక్క చేత్తో పట్టుకుని, "వాక్యం సరిగ్గా ఉంది" అన్నాను.

ఆవిడ తల ఊపి, గోడవైపు తిరిగింది. నేను తొక్కలు పారేసి వచ్చాను. అడిగింది వాక్యం గురించి కాదని నాకు తట్టడానికి ఆవిడ్ని మట్టిలో పెట్టి రావలసి వచ్చింది. ఆ పక్క చోటు మీద నాకు ఇంత యావ ఎందుకని జనం అనుకుంటున్నారని తెలుసు. అడిగినదానికి జవాబు బాకీ పడ్డవాడు ఎక్కడ పడుకోవాలి మరి.

కమిటీ కార్యదర్శి నా దగ్గర అర్జీలు రాయించుకున్నవాళ్ళ కొడుకే. మర్యాదస్తుడు. ముద్ర వేసిన కాగితం ఇస్తూ, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మాకు తెలీదా మాస్టారూ. అమ్మగారు మీ భార్యని ఊరందరికీ తెలుసండి."

"మరి ఇదేంటి బాబూ."

"తెలిసిందాన్ని రాయకూడదండి. కాయితం ఉన్నదాన్నే రాయాలి. ఆ మాట మీరే చెప్పేవారంట, మా నాన్నగారంటారు."

చెప్పేవాణ్ణి. నిజమే.

మండలాఫీసుకి వెళ్ళాను. నేను బల్ల వేసుకున్న చోట ఇప్పుడు మోటారు సైకిళ్ళు పెడుతున్నారు. లోపల గుమస్తా చిన్నపిల్ల, నిదానస్తురాలు. నా దరఖాస్తు రెండుసార్లు చదివింది. "ఇంగ్లీషు చాలా బాగుందండి, ఎవరు రాసేరు" అంది. నేనే రాశానన్నాను. వన్ అండ్ ద సేమ్ పర్సన్ అని ఆఖరి పంక్తిలో రాశాను. వందల సార్లు రాసిన ముక్క. ఈసారి ఒక్కో అక్షరం దగ్గర వేలు పెట్టి చదువుకున్నాను. ఆ అమ్మాయి చెప్పింది ఇంతే: చనిపోయినవారి విషయం కాబట్టి ఊళ్ళోవాళ్ళ సాక్ష్యం చాలదు, ఆవిడ పుట్టింటివైపు రక్తసంబంధీకులు ఒకరు, ఆ ఇద్దరూ ఒక్కరేనని రాసి సంతకం పెట్టాలి.

పుట్టింటివైపు మిగిలింది ఆ అన్నగారు ఒక్కరే.

ఆవిడ పోయినప్పుడు ఆయనకి కబురు పంపలేదు. పంపినా రారని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఈ వేసవిలో, రాసిన కాగితం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ముక్తేశ్వరం బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటో. యాభై ఏళ్ళలో ఆ గుమ్మం ముందు నిలబడటం అదే మొదలు.

ఆయన కళ్ళంలో పరదా మీద ఎండుకొబ్బరి తిరగేయిస్తూ కుర్చీలో కూర్చుని ఉన్నారు. నాకంటే పెద్దవారు. తల తిప్పి చూశారు. ఎడమ కనుబొమ్మ మధ్యలో విరిగినట్టుంటుంది ఆవిడకి. అదే విరుపు. పోలిక, అంతే. పోలికని పోలికగానే చూడాలని నాకు నేను చెప్పుకున్నాను.

"ఎవరండి?"

"నేనండి. మీ చెల్లెల్ని చేసుకున్నవాణ్ణి."

ఆయన కొబ్బరి తిరగేస్తున్న మనిషిని లోపలికి పంపేశారు. కుర్చీ చూపించారు. కోడలుగారు మంచినీళ్ళు తెచ్చారు. ఆయనకి స్టీలు గ్లాసు. నాకు కాగితం గ్లాసు, తాగి పారేసేది. తాగాను. దాహం వేసింది.

"ఆవిడ పోయిందండి" అన్నాను.

ఎప్పుడు అని అడగలేదు. ఎలా అని అడగలేదు. ఎండుకొబ్బరి వైపే చూస్తూ కూర్చున్నారు. అంత రాయి గుండె ఉంటుందా అనుకున్నాను.

"ఒక సంతకం కావాలండి. ఆవిడ పక్కన నాకు చోటివ్వడానికి అడుగుతున్నారు." కాగితం ఇచ్చాను.

కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చూశారు. "ఇంగ్లీషులో ఉందే."

"కింద తెలుగులో కూడా రాసేనండి. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని."

ఆ రెండో పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. కాగితం మడిచి నాకే ఇచ్చేశారు.

"మా చెల్లెలు పోయి యాభై ఏళ్ళయిందండి. ఆనాడే నీళ్ళొదిలేసేం. మీ ఆవిడెవరో నాకు తెలీదు. తెలీనివాళ్ళ గురించి సంతకం ఎలా పెట్టమంటారు, చెప్పండి."

"ఒకే మనిషండి."

"మీరంటున్నారు."

"ఆయ్, నేనే అంటున్నానండి. మీరు కూడా అంటే పనవుద్ది."

ఆయన కుర్చీలోంచి లేచారు. "పన్నెండింటి బస్సు పోతే మళ్ళీ రెండింటి దాకా లేదండి. ఎండ ముదురుతోంది."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. ప్రతి మాటకీ అండీ తగిలించి, బస్సు వేళ చెప్పి పంపించారు. ఆ కాగితం గ్లాసు ఎక్కడ పారేయాలో తెలియక నలిపి జేబులో పెట్టుకుని, అలాగే బస్సెక్కాను. ఇంటికొచ్చాక చూసుకుంటే జేబు తడిసి ఉంది.

వారం రోజులు ఆయనకి ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. మొదటిది ఎనిమిది పేజీలు. మా తాతలు వాళ్ళ చేలో పడ్డ పాట్లు మొదలుకొని కాగితం గ్లాసు దాకా అన్నీ ఉన్నాయి. నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదు. చదువుకుంటే, అందులో ఆవిడ ఎక్కడా లేదు. నేనే ఉన్నాను. చింపేశాను. రెండోది ఇంగ్లీషులో మొదలుపెట్టాను, ఆయనకి రాదని తెలిసి. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. అదీ చింపేశాను. మూడోది ఒక్క పేజీ. ఆస్పత్రిలో ఆవిడ అడిగిన మాట రాశాను. దానికి నేను చెప్పిన జవాబు కూడా రాశాను. "నేను తప్పు జవాబు చెప్పేను. సరైన జవాబు మీ దగ్గరే ఉంది. చోటు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ జవాబు ఏంటో నాకు రాయండి. ఆవిడ దగ్గరికి వెళ్ళి చదువుతాను" అని ముగించి, సంతకం కాగితం ఇంకో ప్రతి జతచేసి, రిజిస్టరు పోస్టులో పంపాను.

బుట్టల సంగతి రాయలేదు. గేదెలు తిన్న ఆకుల గురించి రాసి ఆవిడ్ని ఇంకోసారి చిన్నబుచ్చడం ఎందుకనుకున్నాను.

నెల దాటింది. పోస్టుమాన్ మా వీధిలోకి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోకి వెళ్ళాను. తర్వాత వెళ్ళడం మానేశాను. మొన్న మంగళవారం కవరు వచ్చింది. జతచేసిన కాగితం మీద సంతకం ఉంది, పెద్ద పెద్ద అక్షరాలతో, పంక్తి దాటిపోయి. దాంతోపాటు రూళ్ళ పుస్తకంలోంచి చింపిన ఒక కాగితం. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"బావగారికి నమస్కారములు. సంతకం పెట్టేను. ఆఫీసులో అడుగుతారంటే కబురు పెట్టండి, వచ్చి చెబుతాను. మీరు రాసిన ఇంగ్లీషు ముక్క మా మనవరాలి చేత చదివించుకున్నాను. వన్ అండ్ ద సేమ్ అంటే ఏంటమ్మా అని అడిగితే, ఇద్దరు కాదు తాతా, ఒక్కరే అంది. ఒక్కరేనండి. అదే నా జవాబు, చదివి వినిపించండి. మీరొచ్చిన రోజున నేను అన్నమాట తప్పు. మీరు చెప్పక ముందే నాకు తెలుసు. బుట్టలు అడుగున ఐదో ఆకు తిరగేసి వేసేది మా అమ్మ. అమ్మ పోయేక అలా వేసే చెయ్యి ఒక్కటే ఉంది. ఏటా పత్రి గంప కిందనుంచి నేనే తీసుకునేవాణ్ణి, ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. వాటిలోనే పొట్టిక్కలు వేయించుకుని తిన్నాం. పారేసేమని అనుకుందేమో. ఒక్కటీ పారెయ్యలేదండి. ఒకసారైనా పత్రావిడతో ఒక మాట చెప్పి పంపాల్సింది. పోయినేడు చవితికి పత్రి వచ్చింది, కింద మోపు లేదు. ఏమైందని పత్రావిణ్ణి అడగలేదు, అడిగితే చెబుతుందని. ఆ రోజు మా ఇంట్లో పొట్టిక్కలు వెయ్యలేదండి."